ఏడుసార్లు వచ్చానండీ

ఆ బైండింగు షాపులో ఆమెను అందరూ కుట్టక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒక్కటే. పదహారేసి పేజీలుగా మడిచిన కాగితాలను, వాటినే అక్కడ ఫారాలంటారు, వరసగా పేర్చి దారంతో ఒకదానికొకటి కుట్టడం. యంత్రం కుట్టిన పుస్తకం రెండుసార్లు విప్పితే వీపు విరుగుతుందనీ, కుట్టక్క కుట్టింది బల్ల మీద పెడితే తనంతట తానే పరుచుకుంటుందనీ షాపు యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. కుట్టేటప్పుడు ఆమె సూది వైపు చూసేది కూడా కాదు. వేళ్ళ దారి వేళ్ళది, కబుర్ల దారి కబుర్లది.

మొదట ముడి దగ్గర తేడా వచ్చింది. చివరి ఫారం కుట్టి దారం ముడి వెయ్యబోతే వేళ్ళకు దారం తగలడం లేదు. కళ్ళతో చూస్తే ఉంది, చూపు తిప్పితే లేదు. నెల తిరిగేసరికి సూది చేతిలో ఉందో కింద పడిందో కూడా తెలియని స్థితికి వచ్చింది. ఆ తరవాత ఒకరోజు పక్క బల్ల మనిషి కేక పెట్టింది. "అక్కా, చెయ్యి తియ్యి, చెయ్యి!" చూస్తే కుడి చేతి చిటికెన వేలు మరిగే జిగురు గిన్నెకు ఆనుకుని ఉంది. చర్మం పొంగింది. ఆమెకు తెలియనే లేదు.

ఆమె భర్త ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగి. నెమ్మదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పే రకం కాదు. వేలి మీద బొబ్బ చూడగానే సెలవు పెట్టి, రెండు వీధుల అవతల ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు బొబ్బకు మందు రాసి, కూతురికి చెప్పినట్టు చెప్పాడు. "పని చేసేటప్పుడు ధ్యాస పని మీద ఉండాలమ్మా."

"ధ్యాస కాదండీ, స్పర్శే లేదు."

"అలాగే అనిపిస్తుంది." బలానికి మాత్రలు రాసిచ్చాడు.

రెండోసారి ఆమె తయారై వెళ్ళింది. కంగారులో ఏదీ మరిచిపోకూడదని వారం రోజులు గమనించి కాగితం మీద అన్నీ రాసుకుంది. ఏ వేళ్ళు, ఏ వేళలో, తెలియకుండా చెప్పు ఎన్నిసార్లు కాలి నుంచి జారిపోయింది, మెట్లు దిగుతుంటే దూది మీద అడుగు వేసినట్టు ఎలా ఉంటోంది. డాక్టరు ఆ కాగితం అందుకుని నవ్వాడు.

"పరీక్షకి బాగా చదువుకొచ్చారే!" అని చదవకుండానే మడిచి, ఆమెకు కాదు, ఆమె భర్తకు ఇచ్చాడు. "ఇంట్లో ఏమైనా గొడవలా? నిద్ర పోతున్నారా ఈవిడ?"

"పోతుందండీ," అన్నాడు భర్త.

ఆమె నిద్ర సంగతి ఆమె ఎదుటే ఇద్దరు మగవాళ్ళు తేల్చేశారు. అయినా ఆమె అడగవలసిన ముఖ్యమైన సంగతి అడిగింది. "తల కిందకి వంచితే మెడ దగ్గర్నుంచి వీపు మీదుగా కరెంటు దిగినట్టు ఉంటోందండీ. అదేమిటి?"

"కరెంటా! అయితే మీ ఇంట్లో కరెంటు బిల్లు తగ్గాలే," అన్నాడు డాక్టరు.

భర్త నవ్వాడు. కావాలని కాదు, పెద్దమనిషి హాస్యమాడితే నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆమెకు కాలిన వేలికన్నా ఎక్కువ మండింది.

ఆ తరవాత మరో రెండుసార్లు వెళ్ళింది. ఒకసారి "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే" అన్నాడు. ఇంకోసారి ఫోనులో జబ్బుల గురించి చదవడం మానెయ్యమన్నాడు. ఆమె ఫోనులో చదివేది వంటల గురించి, అదీ ఎప్పుడో. పెద్దాసుపత్రికి పంపండని పట్టుబడితే విసుగ్గా ఒక ఉత్తరం రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో మరో డాక్టరు. బయట వరసగా బిగించిన ఇనప కుర్చీల్లో మూడు గంటలు కూర్చున్నాక పిలుపొచ్చింది. ఆయన ముందు ఉత్తరం చదివాడు, తరవాతే ఆమె మొహం చూశాడు. ఆ చూపులోనే తీర్పు ఉంది. ఫారం మడవక ముందు దాని మీద సగం పేజీలు తలకిందులుగానే ఉంటాయి కాబట్టి తలకిందుల రాత చదవడం ఆమెకు రోజూ చేసే పనే. బల్లకు అటువైపు ఉన్న ఉత్తరంలో ఒక్క వాక్యం చాలు, పట్టేసింది. "అతిగా ఊహించుకునే స్వభావం. భర్త సహనశీలి."

ఆ రోజు నుంచి ఏం చెప్పినా తన మాటలు ఆ వాక్యం గుండా దూరి వెళ్ళడం ఆమెకు కనపడుతూనే ఉంది. గట్టిగా చెబితే ఆవేశం. మెల్లగా చెబితే దిగులు. ఏడిస్తే ఇక అడగనే అక్కర్లేదు. ఆరోసారి వెళ్ళినప్పుడు నిద్రమాత్రలు రాశారు. అవి వేసుకుంటే పొద్దున్న లేచి నడవడం ఇంకా కష్టమైంది. షాపులో ఆమె కుట్టిన పుస్తకాలు వదులుగా ఉన్నాయని రెండు కట్టలు తిరిగొచ్చాయి. యజమాని ఆ కట్టలు ఆమె కంట పడకుండా అటక మీద పెట్టించాడు. అయినా ఆమె చూసింది.

అన్నిటికన్నా కుంగదీసింది మాత్రం ఇంట్లో మాట. ఒక సాయంత్రం గిన్నె చేజారి పగిలితే భర్త ముక్కలు ఏరుతూ, ప్రేమగానే అన్నాడు. "డాక్టర్లు అంతమంది చెబుతున్నారు కదా. కాస్త మనసు నిబ్బరంగా పెట్టుకుని చూడరాదూ?"

"మీరూ అదే అంటారా?"

"నేనేమంటాను? నాకేం తెలుసు?"

ఆమెకు తన మీద తనకే అనుమానం మొదలైంది. అంతా తన ఊహేనేమో. లేని జబ్బును నెత్తికెత్తుకుని ఇంటిల్లిపాదినీ తిప్పలు పెడుతున్నానేమో. గిన్నెలు తోముతూ, వేళ్ళను ఒక్కొక్కటే నీళ్ళలో ముంచి, వేడో చల్లనో చూడకుండా చెప్పమని తనను తానే అడిగేది. చెప్పలేకపోయేది. అయినా అనుమానం పోలేదు.

ఏడోసారి, ఇక ఏం చెయ్యాలో తోచక, మెడ కండరాలకు వ్యాయామం నేర్పమని ఫిజియోథెరపీకి పంపారు. నేలమాళిగలో చిన్న గది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. వ్యాయామం మొదలుపెట్టే ముందు చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టింది. కాలు ఎగిరి ఎదురుగా ఉన్న బల్లను తన్నింది. ఆ అమ్మాయి రెండో కాలు చూసింది. అరికాలు గీసి చూసింది. కళ్ళు మూసుకోమని వేళ్ళను ఒక్కొక్కటీ ముట్టుకుంది. తరవాత సుత్తి పక్కన పెట్టేసి ఆమె ఫైలు మొదటి నుంచి తిరగేసింది.

"ఆంటీ, ఇంతకుముందు ఎవరూ ఇలా చూడలేదా?"

"లేదమ్మా. మందు రాసినవాళ్ళే కానీ ముట్టుకున్నవాళ్ళు లేరు."

"మీరు ఒక్కరే వచ్చారా? సరే, కూర్చోండి, కదలకండి," అని ఆ అమ్మాయి పైకి పరిగెత్తింది.

స్కానింగులో తేలింది. మెడ ఎముకల మధ్య డిస్కు పక్కకు జరిగి వెన్నుపామును నొక్కేస్తోంది. ఏడాది పైగా నొక్కుతూనే ఉంది. వారంలో ఆపరేషను అన్నారు. ఆపరేషను చేసే పెద్ద డాక్టరు ఫిల్ము దీపం ముందు పెట్టి తల ఆడించాడు.

"ముందే రావాల్సిందమ్మా. మీ ఆడవాళ్ళతో ఇదే చిక్కు. బాధ దాచుకుంటారు."

"ఏడుసార్లు వచ్చానండీ," అంది ఆమె.

ఆయన అప్పటికే ఫిల్ము మీద వేలు పెట్టి ఆమె భర్తకు వివరిస్తున్నాడు. "ఆపరేషనుతో ఇంతటితో ఆగుతుంది. పోయిన పట్టు తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను." ఆమె మళ్ళీ అనలేదు. అని ఏం లాభం? ఎనిమిదోసారి చెప్పినట్టవుతుంది, అంతే.

ఆయన చెప్పినట్టే జరిగింది. నడక కుదుటపడింది, గోడ పట్టుకోకుండా మెట్లు దిగగలదు. వేళ్ళలో పట్టు మాత్రం తిరిగి రాలేదు. షాపులో యజమాని ఆమెకు ముందు గదిలో కుర్చీ వేశాడు. వచ్చినవాళ్ళకు పుస్తకాలు ఎప్పటికి సిద్ధమవుతాయో చెప్పడం, ఫోనెత్తడం. లోపలి నుంచి దారం లాగే చప్పుడు వినపడుతుంటే ఆమె ఫోను మోగకపోయినా రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చునేది.

ఒక ఆదివారం భర్త తరఫు చుట్టాలు చూడవచ్చారు. భర్త హుషారుగా చెబుతున్నాడు. "అదృష్టం బాగుండి డాక్టర్లు సమయానికి కనిపెట్టారు. ఇంకొన్నాళ్ళు ఆగితే మంచాన పడేదట. మేమూ ఎక్కడా అశ్రద్ధ చెయ్యలేదనుకోండి." అలా చెబుతూ ఒక్కసారి ఆమె వైపు చూశాడు. ఆ కళ్ళలో బతిమాలుకోవడం ఉంది. అతనికి ఆ కథ కావాలి. అది లేకపోతే ఆ రోజు తను నవ్విన నవ్వుతో అతను బతకలేడు.

"మంచి డాక్టర్లు దొరికారమ్మా, అదృష్టవంతురాలివి," అంది అతని మేనత్త.

కుట్టక్క అవునని తలాడించింది. నీళ్ళు తెస్తానని లేచి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళు పోతూంటే అలాగే నిలబడిపోయింది.