రెండు గుంజల నడుమ

నంబోజో టీచరుకు వానంటే భయమని మా బడి టీచర్లలో నాకొక్కదానికే తెలుసు. ఆమె పుట్టిన ఊరు మా ఊరి పైనున్న ఎల్గాన్ కొండకు అవతలి పక్క. ఆమెకు ఏడేళ్లప్పుడు ఆ కొండ జారి వాళ్ల ఇంటినీ, ఇంట్లో ఉన్న అమ్మమ్మనూ కప్పేసింది. మా ఊరి కోడలయ్యాక కూడా రేకుల మీద చినుకు పడితే చాలు, పాఠం ఆపి కిటికీలోంచి కొండకేసి చూసేది.

ఒక ఏడాది ఏప్రిల్లో వమోనో తాత కాఫీ తోట పైన నేల బీటవారింది. ఆవు కాలు ఇరుక్కునేంత బీట. ఆమె ఆరో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లింది. వాళ్లకు మాత్రం కొలతల పాఠమనే చెప్పింది. అంతకుముందే వాళ్లు చిక్కుడు గింజ మందం మిల్లీమీటర్లలో, అరటాకు వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి ఉన్నారు. ఇప్పుడు బీటకు అటొక గుంజ, ఇటొక గుంజ పాతారు. రోజూ పొద్దున ఒకరు వాటి మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాయాలి. మొదటి రోజు అరవై సెంటీమీటర్లు.

మూడు వారాల్లో అది అరవై రెండయింది. ఆమె ఆ పుస్తకం పట్టుకెళ్లి వమోనో తాతకు చూపించి, కొన్నాళ్లు కింద చర్చి దగ్గర ఉండమని బతిమాలింది. ఆయన నవ్వాడు.

"కోడలా, ఈ కొండ మా తాతను మోసింది. నీ గుంజలు మొన్న వచ్చాయి."

తర్వాత నాలుగు రోజులు వాన వదల్లేదు. శుక్రవారం కొలిచే వంతు ఆయన మనవరాలు ఖైంజాది. మోకాళ్ల దాకా బురదతో వచ్చి డెబ్బై ఒకటి అని రాసింది. ముందురోజు అరవై రెండే.

నంబోజో పుస్తకం తిరిగిచ్చేసింది. తొమ్మిది మిల్లీమీటర్లు పెరిగితే తొమ్మిది సెంటీమీటర్లు చేశావు, దిద్దుకో అంది. పిల్లలంతా చేసే తప్పే అది. ఖైంజా కదల్లేదు.

"రెండుసార్లు కొలిచాను మేడమ్."

"చిక్కుడు గింజంతా, నీ అరచెయ్యంతా? ఆలోచించి చెప్పు."

పిల్ల అరచెయ్యి చూసుకుంది. "నా అరచెయ్యి వెడల్పుకన్నా ఎక్కువే పెరిగింది."

ఆమె నమ్మలేదు. నమ్మడానికి భయమేసిందని తర్వాత నాతో అంది. ఖైంజాను వెనక బెంచీకి పంపి నలభై నిమిషాల పీరియడంతా మిగతా పిల్లలతో బోర్డు మీద లెక్కలు చేయించింది. గంట కొట్టాక ఉండబట్టలేక టేపు తీసుకుని పైకెళ్లింది.

డెబ్బై నాలుగు. ఆమె వంగి ఉండగానే కాళ్ల కింద ఎక్కడో లోతున వేరు తెగిన చప్పుడయింది.

దిగుతూ కనబడిన ప్రతి తలుపూ బాదింది. ఆమె కేకలు విని మేం టీచర్లం పిల్లల్ని చర్చి మైదానానికి తోలుకెళ్లాం. ఖైంజా మాత్రం మా చెయ్యి విడిపించుకుని ఇంటికి పరిగెత్తింది. అక్కడ నంబోజో ఎంత చెప్పినా తాత లేవడం లేదు. పిల్ల ఆయన పక్కన చతికిలబడింది.

"నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే ఉంటా తాతా."

ఆయన లేచాడు. వాళ్లు ముగ్గురూ చర్చి మెట్లు ఎక్కుతుండగా కొండ కదిలింది. కాఫీ తోట, మూడిళ్లు, రెండావులు పోయాయి. మనుషులెవరూ పోలేదు.

సోమవారం నంబోజో తరగతి ముందు ఖైంజాను క్షమించమని అడిగింది. నలభై నిమిషాలు, నలభై నిమిషాలు అని నాతో ఎన్నిసార్లు అందో. ఖైంజా మాత్రం తోటకు పైన ఇంకా బీటలున్నాయా అని అడిగింది. మాకు తెలియదు. ఎండకాసిన రోజు కొత్త గుంజలు కోసుకుని నంబోజో, ఖైంజా, నేను ముగ్గురం ఎక్కాం. టేపు ఖైంజా పట్టుకుంది.