నాలుగో బొమ్మ మీద గీత

మా పిన్ని పేరు అచ్చులో పద్నాలుగు చోట్ల ఉండేది. పద్నాలుగూ పరిశోధన పత్రాల ఆఖరి పేజీలోనే, సన్నటి అక్షరాల్లో, "స్లైడులు తయారుచేసి సహకరించినందుకు కృతజ్ఞతలు" అన్న వాక్యంలోనే. సినిమా అయిపోయి జనం లేచి తలుపుల వైపు తోసుకుంటున్నప్పుడు తెర మీద పడే పేర్లలాంటిది నీ పేరు అని బాబాయి ఏడిపించేవాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. తను బాగుచేసిన ఒక్క బస్సు మీద కూడా తన పేరు లేదు కాబట్టి, ఆ లెక్కన పిన్ని అదృష్టవంతురాలేనని కూడా అనేవాడు. పిన్ని నవ్వేసి ఊరుకునేది. కానీ ఆ కాగితాలు మడత పడకుండా ఇస్త్రీ బట్టల కింద పెట్టుకునేది.

తను పనిచేసింది మొక్కల వేళ్లకు వచ్చే కుళ్లు తెగులు మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో. వేరు ముక్కను కరిగిన మైనంలో ముంచి, గట్టిపడ్డాక ఆ దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పాలి. బ్లేడు అంచు నుంచి వెంట్రుక కన్నా పలచటి పొరలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రిబ్బనులా దిగుతాయి. ఆ రిబ్బనును గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, కింద నుంచి గాజుపలకతో ఎత్తి, ఆరబెట్టి రంగు వేస్తే స్లైడు. ఫ్యాను ఉండకూడదు, తుమ్ము రాకూడదు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ పిన్ని ఇంట్లో బ్రెడ్డు కోసేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టేది. ల్యాబ్‌లో పిల్లలంతా తనను మైనం అక్క అనేవాళ్లు.

కాలేజీ చదువు కోసం నేను వాళ్లింట్లో ఉన్న రోజుల్లో ఆ ల్యాబ్‌కు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. తలుపుల దగ్గర తల వంచాల్సినంత పొడుగు. పొడుగమ్మాయి అని పిన్నే పేరు పెట్టింది. తెగులును తట్టుకునే రకం మొక్కలు ఎలా తట్టుకుంటున్నాయో కనుక్కోవడం ఆమె పని. ఏడాదిపాటు వేళ్లను అడ్డంగా కోయించి చూసినా ఏమీ కనబడలేదు. పిల్లవేరు మొలిచే చోట నిలువుగా కోసి చూద్దామా అని ఒక రోజు పిన్ని అడిగింది. అక్కడ మైనం మీద బ్లేడు కాస్త మొరాయిస్తోందట, లోపల ఏదో గట్టిగా ఉందని చేతికి తెలుస్తోందట. కోసి చూస్తే నిజంగానే అక్కడ తెగులు లోపలికి దూరకుండా కణాల గోడలు మందంగా కట్టుకుని ఉన్నాయి. ఆరు మొక్కల్లో ఆరింటిలోనూ ఉన్నాయని తేలింది. పేపర్ తయారైంది.

పేపర్ మీద ఎవరి పేర్లు ఉండాలన్న మాట వచ్చినప్పుడు పొడుగమ్మాయి పిన్ని పేరు చెప్పింది. ల్యాబ్ పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మొదటి పేరు పని చేసినవాళ్లది, ఆఖరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది, మధ్యలో ఎన్ని పేర్లు చేరితే అందరి వాటా అంత పలచబడుతుంది అన్నది ఆయనకు తెలిసిన లెక్క. ప్రమోషన్లు ఇచ్చే కమిటీ కూడా అలాగే లెక్కపెడుతుంది. చేత్తో చేసినవాళ్లకు కృతజ్ఞత, బుర్రతో చేసినవాళ్లకు పేరు అన్నాడట. నిలువుగా కోయమన్నది చెయ్యా, బుర్రా అని పొడుగమ్మాయి అడిగిందట. పెద్దాయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, సరే, నాలుగు పేర్లలో మూడోది అన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని ఆ కబురు చెబుతూ కూర మాడ్చింది. బాబాయి మాడిన కూరే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

పత్రిక వాళ్లు పంపిన ఫారం ఒకటి ఉంది. పేపర్ మొత్తం చదివాను, ఇందులోని ప్రతి విషయానికీ నేను బాధ్యత వహిస్తాను అని పేరున్న ప్రతివాళ్లూ సంతకం చేయాలి. మిగతా ముగ్గురూ నిలబడే సంతకాలు పెట్టేశారు. పిన్ని మాత్రం పేపర్‌తో సహా ఫారం ఇంటికి తెచ్చింది. చదివాను అని సంతకం చేయాలంటే చదవాలి కదా అంది. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున, అర్థంకాని మాట ఒక్కటి కూడా వదలకుండా చదివించుకుంది.

నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయింది. అందులో ఆరు ఫొటోలు ఉన్నాయి, ఒక్కో మొక్కది ఒక్కోటి. పిన్ని భూతద్దం తెచ్చుకుంది. రెండో ఫొటోలో ఒక సన్నటి ఏటవాలు గీత కనబడింది. అయిదో ఫొటోలో కూడా అదే గీత, అదే చోట.

బ్లేడు అంచు ఎక్కడైనా విరిగితే రిబ్బను పొడవునా అలాంటి గీత పడుతుంది. పిన్ని ప్రతి సాయంత్రం బ్లేడును జరిపి కొత్త అంచు పెట్టేది కనుక ఒక రోజు గీత మర్నాటికి ఉండదు. నోటుబుక్కు తీసి చూసింది. ఆ గీత పడిన రోజు తను కోసింది రెండో మొక్క ఒక్కటే. అంటే అయిదో ఫొటో కూడా రెండో మొక్కదే.

ఎలా జరిగిందో తనకు వెంటనే తెలిసిపోయింది. ప్రతి మొక్కకూ మంచి స్లైడు వెనకాల, పగిలితే పనికొస్తుందని, ఇంకో స్లైడు పెట్టడం తన అలవాటు. దాని మీద నంబరు ఉండదు, పెన్సిలుతో ఒక చుక్క ఉంటుంది. పాతవాళ్లందరికీ ఆ చుక్క సంగతి తెలుసు. పొడుగమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ట్రేలో ఎక్కడో వరస తప్పితే ఆ పిల్ల రెండో మొక్క చుక్క స్లైడునే అయిదో మొక్కది అనుకుంది.

పిన్ని ఆ పూట అన్నం కెలుకుతూ కూర్చుంది. ఏమైందని బాబాయి అడిగితే చెప్పింది. గీత పడగానే బ్లేడు జరపాల్సింది, సాయంత్రం దాకా జరపలేదు, అది కూడా చెప్పింది.

"ఎందుకు జరపలేదు?" అన్నాడు బాబాయి.

"ఆ రోజు సినిమాకి టికెట్లు కొన్నారుగా మీరు. ఆలస్యమైతే బయటే నిలబడి అరుస్తారని."

బాబాయి నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడు చెబితే ఏమవుతుంది?"

"పేపర్ ఆగిపోతుంది. ఆ పిల్లకి వచ్చే నెల ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. ఈ పేపర్ లెక్కలోకి వస్తేనే ఆ ఉద్యోగం. నా పేరు సంగతి సరేసరి."

"చెప్పకపోతే?"

"ఎవరికీ తెలీదు."

"అయితే పెట్టెయ్ సంతకం. ఇంతకుముందు పద్నాలుగు పేపర్లు వెళ్లాయి. వాటిలో ఏముందో నువ్వు చూశావా? ఎవరైనా అడిగారా?"

"అప్పుడు సంతకం అడగలేదుగా" అంది పిన్ని.

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని వెళ్లింది. అక్కడేం జరిగిందో చాలా ఏళ్ల తర్వాత పొడుగమ్మాయే నాకు చెప్పింది. పిన్ని ముందు తన గీత గురించి చెప్పిందట, తర్వాత చుక్క స్లైడు అలవాటు గురించి, అందరికన్నా చివర ఫొటో గురించి. తప్పు మొత్తం తన నెత్తిన వేసుకుందామని చూసిందట. పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, ఇన్నేళ్లలో నీ స్లైడు మీద గీత చూడటం ఇదే మొదటిసారి అన్నాడట. కోప్పడలేదు కానీ ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవలేదట.

అసలైన అయిదో స్లైడు వెతికి తీశారు. అందులో కణాల గోడలు మామూలుగానే ఉన్నాయి, మందం లేదు. ఆరింటికి ఆరు కాస్తా ఆరింటికి అయిదైంది. మళ్లీ మొక్కలు పెంచి, మళ్లీ కోసి, పేపర్‌లో "అన్నిటిలోనూ" అని ఉన్న చోటల్లా "ఎక్కువ మొక్కల్లో" అని దిద్దేసరికి అయిదు నెలలు పట్టింది. ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది.

పొడుగమ్మాయి పదకొండు రోజులు పిన్నితో మాట్లాడలేదు. ఆ పదకొండు రోజులూ పిన్ని ఇంట్లో కూడా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బాబాయి జోకులన్నీ గోడకు తగిలి కిందపడ్డాయి. పన్నెండో రోజు ఆ పిల్ల కోత యంత్రం దగ్గరకు స్టూలు లాక్కుని వచ్చి, అక్కా, నాక్కూడా కోయడం నేర్పండి, లేకపోతే మీ చుక్కలు నాకెప్పటికీ అర్థం కావు అందట. పిన్ని ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అది చేతులు వణకకుండా మూడు పొరలు కోసిందండీ అని బాబాయికి చెప్పింది. మాకు మొదటిసారి నడిచిన పాపాయి గురించి విన్నట్టనిపించింది.

పేపర్ చివరికి ఒక చిన్న పత్రికలో వచ్చింది. పిన్నిది మూడో పేరే. ఉద్యోగంలో దానివల్ల ఒరిగిందేమీ లేదు. స్లైడులు చేసేవాళ్ల ప్రమోషన్ ఫారంలో పేపర్లు రాసుకోవడానికి అసలు గడే లేదు. రెండేళ్లకు ఇంకెవరో తమ పేపర్‌లో దీన్ని ప్రస్తావించారు. పొడుగమ్మాయి అది తెచ్చి చూపించింది. అక్కడ ఆ పిల్ల పేరు ఒక్కటే రాసి, పక్కన "తదితరులు" అని ఉంది. ఇందులో నువ్వెక్కడ అని బాబాయి అడిగాడు. పిన్ని ఆ మాట మీద వేలు పెట్టింది. అప్పటి నుంచి ఆయన ఆవిడను పిలవడం అలాగే. "తదితరులుగారూ, టీ చల్లారిపోతోంది."

నేనొకసారి అడిగాను, బాధగా లేదా అని. ఆ పిల్ల ఉద్యోగం పోయినందుకు ఉంది, చెప్పినందుకు లేదు అంది. రెండూ వేర్వేరని తనకు చాలా స్పష్టంగా తెలుసు. నాకు తెలియడానికి సమయం పట్టింది.

పొడుగమ్మాయికి తర్వాత దూరంగా వేరే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు సొంత ల్యాబ్ ఉంది. పోయినేడు పిన్ని మంచం పట్టినప్పుడు చూడటానికి వచ్చింది. ఆమె సంచిలో, పత్రికకు పంపడానికి సిద్ధంగా ఉన్న కొత్త పేపర్ ఉంది. ఫొటోలు ఒకసారి చూస్తారా అక్కా అని అడిగింది. పిన్ని దిండుకు ఆనుకుని భూతద్దం పెట్టుకుంది. మూడో బొమ్మ వరకూ చూసి నిద్రపోయింది. పొడుగమ్మాయి ఆ రోజు వెళ్లలేదు. బాబాయి ఆమెకు పక్క వేసి ఇచ్చాడు, కాళ్లు బయటికి వస్తాయేమోనని చివర ఒక కుర్చీ కూడా పెట్టాడు.

మర్నాడు పొద్దున పిన్ని మిగతా రెండు బొమ్మలూ చూసింది. బాగున్నాయి, పంపించు అంది. మీ పేరు కూడా పెడతానక్కా అని ఆ పిల్ల అంటే, పిన్ని భూతద్దం కింద పెట్టి ఆమె వైపు చూసింది.

"ఈ వేళ్లు నేను కోశానా తల్లీ? చూసినందుకే పేరు పెట్టేస్తే ఎలా? కోసినవాళ్లెవరో వాళ్లది పెట్టావా లేదా, అది చెప్పు ముందు."

పెట్టానక్కా, రెండోది అంది పొడుగమ్మాయి.

"అతను చదివాడా మొత్తం?"

పొడుగమ్మాయి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లి, ల్యాబ్‌లో ఆ కుర్రాడికి పేపర్ మొత్తం చదివి మాట్లాడమని చెప్పింది. అతనికి మూడు రోజులు పట్టింది. పేపర్ మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు పంపించామని ఆమె ఫోన్ చేస్తే, తీసింది నేనే. పిన్నికి చెప్పాను. వినబడిందన్నట్టు తల ఊపింది.