గట్టు మీద గులాబీ రంగు గింజలు

2022, జులైలో వచ్చే తమిళుల ఆడి నెల. అవినాశి పక్కన ఒక చిన్న ఊళ్ళో ప్రభుత్వ పశువైద్యశాల డాక్టరుగా ఉన్నాను. కోయంబత్తూరు చుట్టూ ఎన్నో తరాల కిందట స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్ళలో అదొకటి. మాది చిన్నమనూరు వైపు. నాకూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆడిలో వాన పడగానే అందరూ విత్తనాల పనిలో మునిగిపోతారు కాబట్టి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు తగ్గుతారు. ఆ ఒక్క వారమైనా టీ వేడిగా తాగొచ్చని ఆశపడ్డాను. నా నుదుట వేడి టీ రాసిపెట్టి లేదు.

ముగ్గురు పిల్లలు ఒక పాత దుప్పటిని తలా ఒక మూల పట్టుకుని మోసుకొచ్చారు. పిల్లలు తెచ్చేవి మామూలుగా కుక్కపిల్లలు, మహా అయితే రెక్క విరిగిన కాకి. దుప్పటి విప్పితే ఆడ నెమలి. ముగ్గురిలో ముందు నిలబడ్డ అమ్మాయి పేరు కౌసల్య, ఆరో తరగతి.

“డాక్టరమ్మా, మా తోటంలో పడి ఉండె. ఊపిరి ఉండాది, చూడండి” అంది.

కాళ్ళు చచ్చుబడి ఉన్నాయి. నోట్లోంచి జొల్లు కారుతోంది. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. చూడగానే పాయిజనింగ్ అని తెలిసింది, అంటే లోపలికి పురుగుమందు వెళ్ళింది. ఏ మందో తెలియకపోతే వైద్యం గుడ్డిగా చేయాలి. ఏం తిన్నదని అడిగితే నిజం చెప్పేవాళ్ళు నా సర్వీసులో బహు తక్కువ. పక్కవాళ్ళ చేను మేసి వచ్చిన ఆవుని కూడా “ఏమీ తినలేదమ్మా, ఊరికే పడిపోయింది” అంటారు.

“ఇది ఏం తిన్నది?” అని అడిగాను.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మణి అనే కుర్రాడు చెప్పొద్దన్నట్టు కౌసల్య చెయ్యి లాగాడు. ఆమె వాడి చెయ్యి విదిలించుకుని పిడికిలి విప్పింది. గులాబీ రంగు పూసిన మొక్కజొన్న గింజలు.

“గట్టు మీద ఇవి ఉండె. మా తాత వెదకి మరుందు కలిపినారు. డబ్బా కూడా తెచ్చినాను.”

వెద అంటే విత్తనం, మరుందు అంటే మందు. ముందు ఆ చేతులు సబ్బుతో కడుక్కోమని కేకలేసి, డబ్బా మీద పేరు చదివాను. సగం పని అయిపోయినట్టే. పక్షి మెడ కింద గింజలు నిలవ ఉండే సంచిని మేము క్రాప్ అంటాం. అందులోకి గొట్టం వేసి గోరువెచ్చటి నీళ్ళతో కడగడం క్రాప్ లావేజ్. మా కాంపౌండర్ పక్షి తలని కిందికి వంచి పట్టుకుంటే నేను కడిగాను. నీళ్ళతో పాటు అవే గులాబీ గింజలు బయటికి వచ్చాయి. తరవాత ఎట్రోపిన్, అంటే ఆ మందుకి విరుగుడు ఇంజెక్షన్, ఇచ్చాను. బతుకుతుందని మాత్రం మాటివ్వలేదు.

నెమలికి చట్టం రక్షణ ఉంది. వైద్యం చేస్తే అటవీ శాఖకు చెప్పి తీరాలి. ఫారెస్టరుకి ఫోన్ చేశాను. ఆయన కంటే ముందు మోపెడ్ మీద కౌసల్య తాత రంగసామి నాయుడు వచ్చారు. ఆఫీసర్లతో మాట్లాడే తమిళంలో మొదలుపెట్టారు. “కూర్చోండయ్యా” అని నేను తెలుగులో అనేసరికి ఆయన గొంతు మారింది.

“నేను విషం పెడతానా అమ్మా? మురుగనికి వాహనం అది. వెద వేసేనాడు మొదటి పిడి గింజలు పక్షులకని గట్టు మీద చల్లేది మా ఇంటి వాడుక. మా తాత చల్లె, మా నాయన చల్లె. నేనూ కుండలోంచి తీసి...”

బల్ల మీది మందు డబ్బా ఆయన కంటపడింది. వాళ్ళ తాత కాలంలో విత్తనాలకి మందు పట్టించేవాళ్ళు కాదు. ఆ కుండలో ఉన్నవి మందు కలిపిన గింజలు. పక్షుల కడుపు నింపాలనే చల్లారు పెద్దాయన. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆయన మనవరాలి వైపు తిరిగారు. “ఫారెస్టోళ్ళు వస్తే రోడ్డోరం దొరికిందని చెప్పు, కణ్ణూ. కేసు అంటే తాతని జైల్లో పెడతారు.”

కౌసల్య ఏడుస్తోంది. ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

“చెప్పను తాతా. రేపు మణివాళ్ళ తోటంలో వెద. ఊరంతా ఇట్లే చల్లుతారు. రోడ్డోరం దొరికిందంటే వాళ్ళకి ఎట్లా తెలుస్తాది?”

ఫారెస్టరు వచ్చాక అంతా చెప్పింది. తాత చెయ్యి పట్టుకునే తాత చేసిన పని చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి, మందు సీసాలు సర్దుతున్నట్టు నటించాను. ఫారెస్టరు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తలొంచుకుని ఒప్పుకున్నారు. ఇద్దరూ కలిసి వెళ్ళి గట్టు చూసి వచ్చారు. కావాలని చేసింది కాదని ఫారెస్టరు తన పై అధికారికి చెప్పాడు. కేసు కాలేదు కానీ, చల్లిన గింజలన్నీ ఏరించాలని గట్టిగా హెచ్చరించాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురు పిల్లలూ నేనిచ్చిన సర్జికల్ గ్లోవ్స్ వేసుకుని బయలుదేరారు. అవి మోచేతుల దాకా వచ్చాయి. గట్టు గట్టూ తిరిగి గింజలు ఏరారు. ఇంటింటికీ వెళ్ళి, వాడుక మానొద్దు, మందు కలపకముందే పక్షుల వంతు వేరే గిన్నెలో తీసిపెట్టండి అని చెప్పారు. “సేద్యం మీరు నేర్పిస్తారా మాకి?” అని ఒకాయన కసిరాడట. వెనకాలే వచ్చిన రంగసామి నాయుడు ముందుకెళ్ళి, “నా చేత్తో చల్లినాను, నెమలి పడిపోయినాది. నీ చేత్తో అట్లా కానీకు” అన్నారట. మర్నాడు మణివాళ్ళ ఇంట్లో వేరే గిన్నె పెట్టారు. తరవాత ఊళ్ళో చాలా ఇళ్ళలో పెట్టారు.

నెమలి లేచి నిలబడ్డానికి కొన్ని రోజులు పట్టింది. పూర్తిగా కోలుకున్నాక ఫారెస్టరు ఎదుట తోటలోనే వదిలాం. బుట్ట మూత ఎవరు తీయాలని పిల్లలు పోట్లాడుకుంటారనుకున్నాను. “మీరే తీయండి తాతా” అంది కౌసల్య. ఆయన మూత తీశారు. నెమలి ఒక్క ఊపున కంచె దాటేసింది.

వైద్యం ఇంజెక్షన్‌తో మొదలవుతుందని కాలేజీలో నేర్చుకున్నాను. నిజం చెప్పే మనిషితో మొదలవుతుందని ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఆ నిజం సొంత ఇంటి మీదే చెప్పాల్సి వచ్చినా చెప్పింది. నెమలిని వదిలిన రోజు తిరిగి వస్తుంటే పెద్దాయన నా పక్కనే నడుస్తూ, “నా మనవరాలు నా మీదనే ఫిర్యాదు చేసినాది డాక్టరమ్మా” అన్నారు. మనవరాలు క్లాసులో ఫస్టు వచ్చిందని చెప్పుకునేవాళ్ళ మొహాలు చాలా చూశాను. ఆయన మొహం అంతకంటే వెలిగిపోతోంది.