తాడు వదిలి, మళ్లీ పట్టుకుని: ఐబీఎస్ కడుపుతో పూడిమడక వైపు ఒక ఉదయం

నాకు ఊళ్లన్నీ వాటి బాత్‌రూమ్‌లతోనే గుర్తు. చోడవరం అంటే గొళ్లెం పడని తలుపు. నర్సీపట్నం అంటే ఒక పెట్రోల్ బంకు, తాళంచెవి మేనేజర్ జేబులో ఉంటుంది, ఆయన భోజనానికి వెళ్తే మన పని అయిపోయినట్టే. మూడేళ్లుగా ఐబీఎస్‌తో బతుకుతున్నదాన్ని, అంటే పేగుల్లో ఏ రోగమూ కనపడదు గానీ కడుపు ఎప్పుడు మెలిపెడుతుందో, ఎప్పుడు పరుగెత్తిస్తుందో తెలియదు. ఎమ్మెస్సీ చివరి ఏడాది పరీక్షల్లో మొదలైంది. డాక్టర్ అన్ని టెస్టులూ చేయించి, పుండు లేదు, వాపు లేదు, నీ పేగులు మరీ సున్నితం అంతే అన్నారు. ఆ "అంతే" పట్టుకుని ఇంటికొచ్చి, బాత్‌రూమ్‌కి పది అడుగుల దూరంలో మంచం వేసుకున్నాను.

తర్వాత ఒక డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. కొన్ని వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు అన్నీ ఆపించి, ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెప్పించారు. నా వరకు తేలింది ఏమిటంటే ఉల్లి, వెల్లుల్లి అస్సలు పడవు, పాలు పడవు, పెరుగు కొంచెం ఫరవాలేదు, చపాతీ ఒకటి దాటకూడదు, కందిపప్పు పల్చగా అయితే సరే. మీ కడుపుకి ఇంకో లెక్క ఉండొచ్చు, నాది చూసి మొదలెట్టకండి. వేళకి తినడం, నమిలి తినడం, టీలు నాలుగు నుంచి ఒకటికి దించడం, సాయంత్రం నడక, ఫోన్ పక్కన పెట్టి నిద్ర. నొప్పి చాలావరకు తగ్గింది. తగ్గనిది ఒకటే. బాత్‌రూమ్ కనపడని చోటికి వెళ్లాలంటే కాళ్లు కదలవు.

అలాంటి సమయంలో ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో బావులు, బోర్ల నీళ్ల నమూనాలు తీసే పని. నాతవరం, చీడికాడ, కె. కోటపాడు, రోజూ జీపులో తిరగాలి. చదివిన చదువుకి సరిగ్గా సరిపోయే పని, ఇంట్లో కూర్చుని గోడలు గీరుకుంటున్న నాకు అంతకంటే ఏం కావాలి. కానీ జీపులో ముగ్గురు మగవాళ్లు, పొలాల మధ్య రోజంతా. సోమవారానికల్లా చెప్పమన్నారు. కడుపు సంగతి వాళ్లకి చెప్పలేదు. శనివారం ఒక పరీక్ష పెట్టుకుందామనుకున్నాను: పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, నాకు తెలియని చోట, తెలియని మనుషుల మధ్య ఉండగలిగితే ఉద్యోగానికి సరే అంటాను, లేకపోతే లేదు.

చోటు దొరకడం కష్టం కాలేదు. అనకాపల్లిలో మా గవరపాలెం వీధిలోకి రోజు విడిచి రోజు చేపల గంపతో వచ్చే నూకరత్నం పిన్ని ఎప్పటి నుంచో దెప్పుతూనే ఉంది. "డిగ్రీల మీద డిగ్రీలు సదివేవు, సేపలు ముల్లు కూడా ఒదలకుండా తింతావు, ఆ సేపలెక్కడినుంచొత్తాయో సూడ్డానికి మాత్రం రావు. మా ఊరికేటి, వీసా గావాలా?" ఆమెది పూడిమడక దాటాక, సరుగుడు తోటల అవతలున్న చిన్న పల్లె. శనివారం వస్తానన్నాను. నమ్మలేదు.

ఇంతకుముందు ప్రయాణం రోజు పస్తుండేదాన్ని. ఖాళీ కడుపు ఇంకా గొడవ చేస్తుందని ఆలస్యంగా తెలిసింది. అందుకని చోడి అంబలి, అదే రాగి జావ, ఒక గ్లాసు తాగి, కాసేపు కుదురుగా కూర్చుని, ఐదున్నరకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అచ్యుతాపురం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్. మునగపాక మీదుగా ముప్పావుగంట. రెండు వైపులా చెరుకు, దాని మీద పల్చటి మంచు, మధ్యలో కంపెనీ షిఫ్టులకి వెళ్లే వాళ్ల బస్సులు వరసగా. నేను మాత్రం ఎక్కడెక్కడ హోటళ్లున్నాయో చూసుకుంటూ కూర్చున్నాను.

అచ్యుతాపురం కూడలిలో షేర్ ఆటో, మనిషికి నలభై రూపాయలు. ఎక్కే ముందు డ్రైవర్‌ని అడిగాను, మధ్యలో ఆపాల్సి వస్తే ఆపుతారా అని.

"ఎందుకాపాలమ్మా? వాంతులా?"

"కాదు."

"మరేటి?"

"ఊరికే."

"ఊరికే ఆపితే ఎనకున్నోళ్లు నన్ను తిడతారు. వాంతులైతే సెప్పు, కవరిత్తాను."

వెనకున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అసలు మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

నేను చేరేసరికి ఏడు దాటింది. సరుగుడు చెట్ల మధ్య ఇసక దారిలో నడుస్తుంటే ముందు చప్పుడు వినపడింది, తర్వాత గాలి, ఆ తర్వాత చెట్లు అయిపోయి ఒక్కసారిగా సముద్రం. విశాఖ బీచ్ చూసి సముద్రం చూశాననుకునేదాన్ని. ఇక్కడ రెయిలింగ్ లేదు, బెంచీ లేదు, ఐస్‌క్రీమ్ బండి లేదు. నీళ్లు, ఆకాశం, మధ్యలో చుక్కలు పెట్టినట్టు వంపు తిరిగిన ఒక పొడవాటి గీత. అది వల. పడవ చీకట్లోనే బయలుదేరి, ఒక తాడు కొస ఒడ్డున వదిలి, సముద్రంలో పెద్ద చుట్టు తిరిగి వల పరుచుకుంటూ, రెండో కొసని అల్లంత దూరంలో ఒడ్డుకి తెచ్చిందట. దీన్ని అలివి వల అంటారు. ఇప్పుడు రెండు కొసల దగ్గరా రెండు గుంపులు నిలబడి, సముద్రంలోంచి దాన్ని ఒడ్డుకి లాగుతున్నాయి.

లాగేవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. కుర్రాళ్లంతా కంపెనీల్లో చేరిపోయారని, మనుషులు చాలక తామూ తాడు పట్టుకుంటామని నూకరత్నం పిన్ని తర్వాత చెప్పింది. నన్ను చూడగానే మాత్రం గుంపు మొత్తానికి వినపడేలా అంది, "ఓలమ్మా, వచ్చేసిందర్రా అనకాపల్లి పాప. సెప్పేను కదా, ఈపాలి వత్తాదని."

"రాదని కదే పందెం కాసేవు," అంది పక్కనామె.

"నోరు మూసి లాగెహే."

నా నడుముకి చిన్న తాడు చుట్టి, దాని కొసని పెద్ద మోకుకి ఎలా మెలెయ్యాలో చూపించి, నన్నూ వరసలో నిలబెట్టింది. చేతులతో లాగేది కాదది. నడుము వెనక్కి వాల్చి, మడమలు ఇసకలో దిగేసి, ఒక్కో అడుగే వెనక్కి. సముద్రం అవతలి నుంచి తిరిగి లాగుతుంది. ఆ బరువు నడుములోంచి తలలోకి ఎక్కింది. ఆ బరువు చేపలది కాదు. అంత నీటిది. ఇరవై మంది కబుర్లు చెప్పుకుంటూ దాన్ని అడుగు అడుగూ కదిలిస్తున్నారు. సినిమాల్లోలాగా ఐలెస్సా అని ఎవరూ పాడలేదు. రాత్రి సీరియల్లో కోడలు విడాకులు ఇవ్వాలా వద్దా అని వాదించుకుంటున్నారు.

అరగంట గడిచిందేమో, కడుపులో తెలిసిన మెలిక మొదలైంది.

ఐబీఎస్ ఉన్నవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు. ముందు చెమట. తర్వాత చెవుల్లో హోరు. డైటీషియన్ నేర్పినట్టు కడుపులోంచి నెమ్మదిగా ఊపిరి వదిలాను. కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. అందరూ బిగబట్టి లాగుతున్నప్పుడు నేను తాడు వదిలితే ఏమవుతుంది? వల జారిపోతుందేమో. అందరూ ఆగి నా వైపు చూస్తారేమో. ఎందుకు వెళ్తున్నావని అడుగుతారేమో. ఇదే నా పరీక్ష, ఇక్కడే తప్పాను, సోమవారం ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్యాలి. పళ్లు బిగించి వెనక్కి అడుగులు వేస్తూ వరస చివరికొచ్చాను.

అక్కడ నూకరత్నం పిన్ని నా మొహం చూసింది. "ఏటలా బిగుసుకుపోనావు?"

"కడుపులో బాలేదు పిన్నీ. వెళ్లాలి. కానీ తాడు..."

"తాడుకేటి?"

"వదిలితే మరి..."

"అందరం ఒదుల్తున్నాం కదే. ఏటి సూత్తన్నావు ఇందాకట్నుంచి?"

అప్పుడు చూశాను. వెనక్కి వెనక్కి అడుగులేసి వరస చివరికి చేరినవాళ్లు మెలిక విప్పేసి, తాడు అక్కడే వదిలి, నీళ్ల అంచు దాకా నడిచి వెళ్లి ముందు కొత్తగా తగులుకుంటున్నారు. వాళ్ల వెనక ఇంకొకరు. నేనూ అప్పటికి రెండు సార్లు అలాగే వదిలి, నడిచి, మళ్లీ తగులుకున్నాను. మిగతావాళ్లు ఎలా చేస్తే అలా చేశాను గానీ, చేస్తున్నదేమిటో బుర్రకి ఎక్కలేదు. వదిలి నడిచే ఆ కొద్ది దూరంలో ఒకామె జడ ముడేసుకుంటోంది. ఒకాయన బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇంకొకామె చెట్ల వైపు వెళ్లి అప్పుడే తిరిగొస్తోంది. తాడు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నువ్వెల్తే సముద్రం ఎల్లిపోద్దా? మా ఇంటికి పో. పచ్చ గోడ. అత్త ఉంతాది."

పచ్చ గోడ ఇల్లు ఐదు నిమిషాల దూరం కూడా లేదు. అరుగు మీద కూర్చున్న వాళ్ల అత్తగారు నా నడక చూసి, పేరు కూడా అడక్కుండా, "ఎనకపక్క. బకెట్లో నీల్లున్నాయి," అంది. అంతే.

తిరిగి వెళ్లేటప్పుడు ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. చెప్పే అవసరం రాలేదు. నీళ్ల అంచున మోకాళ్ల లోతులో నిలబడిన ఒక ముసలాయన మోకు ఎత్తి పట్టుకుని, "తగిలించు," అన్నాడు. తగిలించాను. సీరియల్ కోడలు ఇంకా విడాకులు ఇవ్వలేదు.

ఎండ ఎక్కాక రెండు గుంపులూ దగ్గరికొచ్చాయి. తాళ్లు అయిపోయి వల మొదలైంది. నెమ్మదిగా కబుర్లు ఆగిపోయాయి. ఎక్కడినుంచో గద్దలు వచ్చి పైన తిరుగుతున్నాయి. వంపు చిన్నదయ్యేకొద్దీ లోపలి నీళ్ల రంగు మారింది, ముందు బూడిద, తర్వాత ఎవరో అడుగు నుంచి దీపం పట్టినట్టు తెలుపు. అప్పుడు చప్పుడు మొదలైంది. రేకుల కప్పు మీద వాన పడినట్టు, కానీ కింద నుంచి పైకి. వేల నెత్తళ్లు, వేలెడంత చిన్న చేపలు, ఒక్కసారిగా నీళ్లు చీల్చుకుని ఎగురుతున్నాయి, మధ్యమధ్య జానెడు కానాగంతలు, వాటితో పాటు రిబ్బన్ ముక్కల్లా పొడవాటి వెండి చేపలు. ప్రతి దాని మీదా సూర్యుడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉప్పు వల్ల అనుకున్నాను. పక్కకి చూస్తే, పుట్టినప్పటి నుంచి ఇదే చూస్తున్న నూకరత్నం పిన్ని కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. కడుపు అనేది ఒకటుందని చాలాసేపు గుర్తే రాలేదు.

అమ్మకానికి పోగా మిగిలినవి ఇసక మీద కుప్పలు పోశారు. ఒకాయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకొకాయన ఒక కుప్ప ముట్టుకుని "ఇదెవలిది?" అంటే, ఈయన చూడకుండానే ఒక పేరు చెప్తాడు. పెద్ద కుప్ప, చిన్న కుప్ప అని తగువు రాకుండా అట. పేర్లు అయిపోతున్నాయి. "ఇదెవలిది?"

"అనకాపల్లి పాపది."

నేను మధ్యలో వెళ్లిపోయానని గొణిగాను.

"మద్దిలో అందరం పోనాం," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "సేపలు ఎండలో పెట్టీకు."

వంట దగ్గర మాత్రం యుద్ధమైంది. ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, కారం సగం అంటే నూకరత్నం పిన్ని గరిట దించేసింది. "ఉల్లిపాయ నేకుండా పులుసేటి? సేపలకి తానం సేయించినట్టు ఉంతాది." నా సంచిలోంచి ఇంగువ డబ్బా తీసిచ్చాను. వాము మింగు, జీలకర్ర నములు, మజ్జిగలో అది కలుపు, ఇది కలుపు అని నాలుగు వైద్యాలు చెప్పింది, అన్నిటికీ తలూపి ఒక్కటీ చేయలేదు. చివరికి పసుపు, ఉప్పు, చింతపండు, కరివేపాకు, చిటికెడు ఇంగువతో కానాగంతల పులుసు, వేడన్నం. తను ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద కలుపుకుంది. "బానే ఉందిలే. జొరమొచ్చినోడి కూరలా ఉంది." నేను మాత్రం మూడేళ్లలో ఇంత నెమ్మదిగా, ఇంత ఇష్టంగా ఎక్కడా తినలేదు.

ఒంటిగంటకి తిరుగు ఆటో, మళ్లీ నలభై. ఈసారి ఎక్కేటప్పుడు డ్రైవర్‌తో అన్నాను, నాకు కడుపు సమస్య ఉంది, బాత్‌రూమ్ కోసం ఆపాల్సి రావచ్చు అని. "ఆపుతానమ్మా, దారిలో మా బావ హోటలుంది," అన్నాడు. ఆపాల్సిన అవసరం రాలేదు. అచ్యుతాపురంలో బస్సు కోసం నిలబడినప్పుడు, సోమవారం దాకా ఆగకుండా టీమ్ లీడర్‌కి ఫోన్ చేశాను. చేరతాను సార్, కానీ నాకు ఐబీఎస్ ఉంది, జీపు కొన్నిసార్లు ఉన్నట్టుండి ఆపాల్సి వస్తుంది, తిండి నేనే తెచ్చుకుంటాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"మా డ్రైవర్‌కి షుగర్ అమ్మా," అన్నారాయన. "గంటకోసారి తనే ఆపుతాడు. ఏ పల్లెలో ఎక్కడ ఆపాలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్."

ఒక్క ఉదయంతో ఐబీఎస్ పోదు. మర్నాడు ఆదివారం, నడుము నొప్పితో పాటు కడుపు కూడా కాసేపు గొడవ చేసింది. ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత నడవాలి అన్నవి రోజూ చేసుకోవాల్సిన పనులే, అవి లేకుండా ఆ ఒడ్డు దాకా వెళ్లగలిగేదాన్నే కాదు. కొత్తగా రక్తం పడినా, బరువు తగ్గిపోతున్నా ప్రయాణాలు కాదు, ముందు డాక్టర్. కానీ ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు ఆ ఇసక మీద వరస కనపడుతుంది. ఒకరు విప్పుకుని నడుస్తుంటారు, ఒకరు తగులుకుంటుంటారు, సముద్రమంత బరువు మాత్రం ఒడ్డుకి వస్తూనే ఉంటుంది. నేను లేని ఆ పావుగంటలో కూడా వచ్చింది. నేను తిరిగి వెళ్లేసరికి నాకు చోటుంది.

మీరు వెళ్లాలనుకుంటే ఒక్కటే చెప్తాను. చేరగానే, ఇంకా ఏ అవసరమూ రాకముందే, నీళ్లిచ్చిన మొదటి మనిషిని బాత్‌రూమ్ ఎక్కడని అడగండి. ముందే అడిగితే అది ఊళ్లో దారి అడిగినంత మామూలు ప్రశ్న. ఆ తర్వాత తాడు పట్టుకోండి.