ఎడమ పక్క నుంచి వచ్చే బంతి

ఆ రోజు ఉదయం మిరప యార్డులో మస్తాన్ ఎనిమిది టిక్కీలు దించానన్నాడు. నేను లెక్కపెడితే ఐదే ఉన్నాయి.

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. ఎగుమతి చేసే ఒక వ్యాపారి తరఫున ఇరవై ఆరేళ్లుగా గుంటూరు యార్డులో సరుకు చూసి చెప్పడం నా పని. రంగు, తేమ, తెల్లబారిన తాలుకాయ ఎంత ఉందన్నది చూడాలి. ఈ పనికి చదువు అక్కర్లేదు గానీ అనుమానం కావాలి. పైనున్న కాయ ఎవడి టిక్కీలోనైనా బాగానే ఉంటుంది. చెయ్యి మధ్యలోకి పోతేనే అసలు సంగతి తెలుస్తుంది. ఈ బుద్ధి నాకు యార్డు నేర్పిందో, పుట్టుకతోనే ఉందో మా ఆవిడ సుజాతను అడగాలి.

మస్తాన్ వలిది ప్రత్తిపాడు. నాతోపాటు హైస్కూల్లో చదువుకున్నాడు. తన చేలో కాయతోపాటు చుట్టుపక్కల రైతుల కాయ కూడా తెస్తుంటాడు.

"ఎనిమిదన్నావు, ఐదే ఉన్నాయి. మిగతా మూడూ ఎక్కడ దింపావురా?" అన్నాను.

"ఐదేంట్రా కోటేశూ. సరిగ్గా చూడు."

మళ్లీ లెక్కపెట్టాను. ఐదే. మూడోసారీ ఐదే.

"ఇన్నాళ్లూ ఇట్టాగే మోసం చేశావా నన్ను?" అన్నాను, చుట్టూ నలుగురు వింటుండగా.

మస్తాన్ మొహం మాడిపోయింది. "నీకు కాయ తెచ్చినోడిది తప్పు" అని టిక్కీల మీద పట్టా కప్పేసి అవతలికి వెళ్లిపోయాడు. నేను ఆటో ఎక్కి నల్లపాడులో ఉన్న మా ఇంటికి వచ్చేశాను. అప్పటికి ఉదయం పది దాటింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర సుజాతతో గొడవ పడ్డాను. కూర వెయ్యలేదేమని అడిగాను. "మీ ముందే ఉంది కదండీ" అంది. లేదన్నాను. ఆమె కంచాన్ని కొంచెం తిప్పింది. వంకాయ కూర కనబడింది. నేను మాట్లాడుతుండగా గబుక్కున వేసి, ముందే ఉందని బొంకుతోందనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా. ఆమె మజ్జిగ గిన్నె నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అనే మాటలకు ఆమె ఏనాడో అలవాటు పడింది.

సాయంత్రం చొక్కా వేసుకుని బయటికి రాబోతే సుజాత ఆపింది. చొక్కాకు ఒకే చెయ్యి తొడుక్కున్నాను. రెండో చెయ్యి వెనక వేలాడుతోంది. నా మూతి కూడా కొంచెం పక్కకు లాగినట్టుందట. పక్కింటివాళ్ల కారులో గుంటూరు తీసుకుపోయారు.

ఆసుపత్రిలో సీటీ తీశారు. తర్వాత ఎం.ఆర్.ఐ. డ్యూటీ డాక్టరు సుజాతను ఒకే ప్రశ్న అడిగాడు. "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారమ్మా?"

"ఏమో సార్. పొద్దున్నుంచీ గొడవే. కానీ ఈయన రోజూ ఇంతే" అంది.

నిజమే చెప్పింది. మెదడు కుడి పక్కన స్ట్రోక్ అన్నారు. నాలుగున్నర గంటల లోపు తెచ్చి ఉంటే రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్ ఇచ్చేవాళ్లమని, ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి ఇక ఇవ్వలేమని చెప్పారు. ఇంజక్షన్ స్టాకు లేక ఇలా చెబుతున్నారని నాకు గట్టి అనుమానం.

మర్నాడు న్యూరాలజిస్టు వచ్చి, కాగితం మీద గుండ్రంగా గీసి, గడియారం అంకెలు వెయ్యమన్నాడు. వేశాను. పన్నెండు అంకెలూ కుడి పక్కనే ఇరికించానట. నాకు అది నిండు గడియారమే.

"కళ్లు బాగానే ఉన్నాయండి. దీన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. ఎడమ పక్కన ఒక లోకం ఉందన్న సంగతే మీ బ్రెయిన్ పట్టించుకోవడం లేదు" అన్నాడు.

"లేనిది కనబడలేదంటే అర్థం ఉంది. ఉండి కనబడకపోతే నాకు తెలియదా?" అన్నాను.

"తెలియదు. అదే ఈ జబ్బు" అన్నాడు.

నేను నమ్మలేదు. నన్ను ఇంకో నాలుగు రోజులు మంచం మీద ఉంచడానికి చెప్పే కథ అనుకున్నాను. ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో తెలిసినవాళ్లంతా వచ్చి చూసి పోయారు. మస్తాన్ రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వీడి పని, మూడు టిక్కీలు కాజేసినవాడు ఏ మొహం పెట్టుకుని వస్తాడు అని సుజాతతో అన్నాను. వాడు రాకపోవడమే నాకు సాక్ష్యం.

ఇంటికి వచ్చాక వారానికి మూడు రోజులు థెరపీకి రమ్మన్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పేరు హారిక. మా అన్నయ్య కూతురి వయసు. మొదట గీతలు కొట్టించింది, బొమ్మలు వెతికించింది. నేను ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంటే విసిగి, ఒక రోజు టీవీ ముందు కూర్చోబెట్టి చేతిలో గేమ్ రిమోట్ పెట్టింది.

"బేస్‌బాల్ ఆట, బాబాయ్ గారూ. బంతి వస్తుంది, బటన్ నొక్కి కొట్టాలి."

"మన దేశంలో ఎవరాడతారమ్మా దీన్ని? క్రికెట్ పెట్టకపోయావా?"

"క్రికెట్‌లో బంతి నేల మీద పడి లేస్తుంది. పిచ్ చూసి అలవాటు మీద కొట్టేస్తారు. ఇందులో బంతి గాల్లోనే వస్తుంది. తెర మీది ఈ గీతల డబ్బాలో ఏ మూలకు వచ్చిందో చూసి కొట్టాలి. చూడకపోతే తగలదు."

ఈ ఆట అమ్మేవాళ్ల దగ్గర్నుంచి ఈ పిల్లకు ఎంతో కొంత ముడుతూ ఉండాలి అనుకున్నాను.

మొదటి రోజు ఇరవై బంతులు వేస్తే ఒక్కటీ తగల్లేదు. బంతి వేసే బొమ్మ కాలెత్తుతుంది, వంగుతుంది, అంతలో ధబ్‌మని చప్పుడు, తెర మీద 'లేట్' అని పడుతుంది. బంతి ఏదీ? వాడి చేతిలోంచి బంతి రావడం నేను ఒక్కసారీ చూడలేదు. ఈ మిషన్‌లో బంతి వెయ్యకుండానే వేశానంటోందని హారికతో గొడవ పెట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ పిల్లకు తెలిసే ఉంటుంది గానీ, పెద్దవాణ్నని ఊరుకుంది.

"వాడు కుడిచేతి వాటం బాబాయ్ గారూ. మనకు ఎదురుగా నిలబడ్డాడు కాబట్టి వాడి కుడి చెయ్యి టీవీలో మీ ఎడమ పక్కనుంటుంది. బంతి అక్కణ్నుంచే వస్తోంది" అంది.

మా చెల్లెలి ఇంట్లో అదే ఆట మూలపడి ఉంటే తెప్పించుకుని ఇంట్లోనూ సాధన మొదలుపెట్టాను. పట్టుదల కాదు, ఉక్రోషం. మూడు వారాలకు ఇరవైలో ఎనిమిది, తొమ్మిది తగలడం మొదలైంది. ఆట అంత తేలిగ్గా లొంగేసరికి నాకు దాని మీదా అనుమానమే. నేను సంతోషపడాలని సుజాత లెవెల్ తగ్గించి ఉంటుందనుకున్నాను. అడిగితే, "నాకు టీవీ ఆన్ చెయ్యడం తప్ప ఏమొచ్చండీ?" అంది.

ఈలోగా నేనొక ఘనకార్యం చేశాను. పొద్దున బి.పి. బిళ్ల వేసుకుంటే తల తిరుగుతున్నట్టుండేది. మందుల షాపువాడు కంపెనీ మార్చి ఇచ్చాడని అనుమానించి మానేశాను. పది రోజులకు బి.పి. పైకి పోయి మళ్లీ రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. "తల తిరిగితే డోసు మారుస్తాం, నాతో చెప్పాలి. మీరే డాక్టరైపోతే రెండో స్ట్రోక్‌కి నా దగ్గరికి రానక్కర్లేదు" అని న్యూరాలజిస్టు సుజాత ముందే కడిగేశాడు. ఆ ఒక్క మాటను మాత్రం అనుమానించకుండా బిళ్ల మళ్లీ మొదలుపెట్టాను.

తిరిగి థెరపీకి వెళ్లి హారికకు నా ఆట చూపించాను. ఇరవైలో పది కొట్టాను. ఆ పిల్ల మెచ్చుకోలేదు. "ఇప్పుడు కొట్టిన బంతి పై మూలకు వచ్చిందా, కింది మూలకా?" అంది.

చెప్పలేకపోయాను.

"ముందుదో?"

అదీ తెలియదు.

ఆమె బంతి వేసే బొమ్మను మార్చింది. వీడు కాలు నెమ్మదిగా ఎత్తుతాడు. ఇరవైలో ఒక్కటీ తగల్లేదు. అప్పుడు దొరికిపోయాను. నేను బంతిని చూడటం లేదు. వాడి కాలు లేచాక ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి బటన్ నొక్కుతున్నాను. యార్డులో నా పద్ధతే అది. సరుకు చూసేటప్పుడు ఒక కన్ను కాయ మీద, ఒక కన్ను అమ్మేవాడి మీద ఉంటుంది. కాలు ఎలా కదుపుతున్నాడు, గుటక ఎప్పుడు మింగాడు అన్నదాన్నిబట్టి సగం తేల్చేస్తాం. ఇక్కడ బొమ్మనూ అలాగే చదివాను. అందరూ నన్ను మోసం చేస్తున్నారని తిట్టిన మనిషిని, నా వైద్యాన్ని నేనే మోసం చేసుకున్నాను. సిగ్గేసింది.

"వారం రోజులు బటన్ ముట్టుకోవద్దు. బంతి వచ్చి పోవాలి. ఎడమా, కుడా, పైనా, కిందా అని నోటితో చెప్పాలి, అంతే" అంది హారిక. టీవీ ఎడమ అంచున పైనుంచి కిందిదాకా ఎర్ర టేపు అంటించమంది. ప్రతి బంతికి ముందూ ఆ టేపు కనబడేదాకా తల తిప్పాలి. అక్కణ్నుంచి బంతి వేసేవాడి చేతి దగ్గరికి రావాలి.

ఈ మాట నాకు నచ్చింది. మాకు పని నేర్పిన పెద్దాయన, మొదటి చుట్టులో ధర మాట నోట రానీకూడదనేవాడు. యార్డంతా ఒకసారి ఊరికే తిరిగి చూడాలి. నోరు విప్పితే కన్ను మూసుకుపోతుందనేవాడు. అలా కొట్టకుండా చూశాను. మొదటి రెండు రోజులు టేపు వెతకడానికే మెడ నొప్పి పుట్టింది. నాకు తల తిప్పినట్టే ఉండేది, సుజాత పక్కన కూర్చుని "ఇంకా, ఇంకా తిప్పండి" అంటుండేది. గడ్డం పట్టుకుని ఆమే తిప్పేది.

ఐదో రోజు పొద్దున, టేపు చూసి వెనక్కి వస్తుంటే, వాడి చెయ్యి కనబడింది. చేతిలో తెల్లటి బంతి. వేళ్లలోంచి అది విడిపోవడం, నా వైపు రావడం, డబ్బాలో ఎడమ పక్క కింది మూలకు దిగడం, అంతా చూశాను.

"ఎడమ, కింద" అన్నాను.

"అవునండీ" అంది సుజాత.

ఇన్ని రోజులూ ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆ బంతి రోజూ అక్కణ్నుంచే వచ్చింది. ఒక్కసారిగా నాకు మస్తాన్ టిక్కీలు గుర్తొచ్చాయి. డాక్టరు గడియారం చూపించి చెప్పినా నమ్మనిది అప్పుడు నమ్మాను. ఎడమ చివరన మూడు టిక్కీలు ఉన్నాయి. వాడు దించినవి దించినట్టే ఉన్నాయి. నేను రిమోట్ కింద పెట్టి ఏడ్చాను.

ఆ తర్వాత వారం బటన్ నొక్కనిచ్చారు. ముందు ఎడమ సగానికి వచ్చినవే కొట్టాలి, మిగతావి వదిలెయ్యాలి. వేగం బాగా తగ్గించి మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచాం. రెండు నెలలకు ఏ బొమ్మ వేసినా ఇరవైలో పదకొండు, పన్నెండు కొడుతున్నాను. ప్రతిదీ ఏ మూలకు వచ్చిందో చెప్పి మరీ కొడుతున్నాను. హారిక మాత్రం, "ఆట మందు కాదు బాబాయ్ గారూ. కంచం దగ్గర, రోడ్డు మీద కూడా ఇట్టాగే తల తిప్పితేనే లెక్క" అంటూ ఉండేది. న్యూరాలజిస్టు కూడా, కొంత దానంతటదే తగ్గిందని, కొంత సాధన వల్ల అని, ఏది ఎంతో తేల్చి చెప్పలేనని అన్నాడు. తేల్చి చెప్పలేననే డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది.

సుజాతను తోడు తీసుకుని బస్సులో ప్రత్తిపాడు వెళ్లాను. మస్తాన్ కల్లంలో కాయ తిరగేస్తున్నాడు. నన్ను చూసి పార ఆపాడు గానీ పలకరించలేదు.

"ఎనిమిదే ఉన్నాయిరా. నాకు కనపడలా. నలుగురిలో దొంగన్నాను. తప్పు నాది" అన్నాను.

వాడు కాయ వంకే చూస్తూ పారతో రెండుసార్లు తిరగేశాడు. "దానిగ్గాదురా నేను ఆసుపత్రికి రానిది" అన్నాడు.

"మరి?"

"ఆ రోజు నువ్వు ఆటో ఎక్కడానికి పోతున్నప్పుడు నీ ఎడం కాలికి చెప్పు లేదు. టిక్కీల కాడే ఇడిచేసి, ఒంటి చెప్పుతో నడుస్తున్నావు. నీకు తెలీటంలా. నేను చూశా. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. అంత మాటన్నాడు, పోనీలే, కాలు కాలితే తెలుస్తదని ఊరుకున్నా." వాడు పార పక్కన పెట్టాడు. "ఇంజక్షన్‌కి టైమ్ దాటిపోయిందని తర్వాత తెలిసింది. ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లొచ్చా. లోపలికి రాలేకపోయా."

సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా కూర దగ్గర ఊరుకుంది మరి. వాళ్లిద్దరిదీ తప్పని నేను ఎలా అనగలను? ఇంకెవరైనా ఐదు టిక్కీలే ఉన్నాయంటే, ఇతనికేమైందని పదిమంది చేరేవాళ్లు. అన్నది నేను కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. నా గుణం నా జబ్బును దాచిపెట్టింది.

ఇప్పుడు మళ్లీ యార్డుకు వెళుతున్నాను, సగం రోజు మాత్రమే. బండి నడపను. సరుకు చూసేటప్పుడు వరుసకు ఎడమ చివర మస్తాన్ నిలబడతాడు, నేను వాడి దాకా నడిచి అక్కణ్నుంచి లెక్క మొదలుపెడతాను. ఇంట్లో ఆటలో, ఎడమ కింది మూలకు వంకర తిరిగి దిగే బంతి ఇప్పటికీ నాకు తగలదు. ఆ బంతిలో ఏదో మోసం ఉందని నా అనుమానం.

ఇది చదివేవారికి ఒకే మాట చెబుతాను. మీ మనిషి ఎంత అనుమానపు మనిషైనా, ఎంత తగువులమారైనా, ఉన్నట్టుండి కళ్లెదుట ఉన్నది లేదంటే వాదనకు దిగకండి. మూతి పక్కకు లాగుతోందేమో నవ్వమనండి, ఒక చెయ్యి లేవడం లేదేమో రెండు చేతులూ ఎత్తమనండి, టైమ్ చూసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అతను మిమ్మల్ని అంతకుముందే నలుగురిలో దొంగ అని ఉన్నా సరే, ఒంటి చెప్పుతో వెళ్లిపోతుంటే వెనక్కి పిలవండి.