రేకు వీణకు మైకు

నా గిటార్ పెట్టె మూత తీయగానే మగ్గం నూనె వాసన గుప్పుమంటుంది. నిన్న కొత్త తీగలు వేద్దామని తీస్తే మళ్ళీ అదే. గిటార్ పొట్టలో కుక్కిన చీర ముక్కలది ఆ వాసన. ఏళ్ళు గడిచినా పోలేదు, నేనూ పోగొట్టాలని చూడలేదు. మా చెల్లెలు ముక్కు మూసుకుని, “ఆ పీలికలు పారేయవే, గదిలో ఎలుక చచ్చినట్టుంది” అంటుంది. దానికేం తెలుసు! ఆ పీలికలు కుక్కింది నర్సయ్య కాక. సూరత్‌లో పవర్‌లూములు బాగుచేసే మేస్త్రీ. సంగీతం ఒక్క ముక్క రాదు, చెవులు సగం పనిచేయవు. నలుగురి ముందు కూర్చుని వాయించే ధైర్యం నాకు ఇచ్చిందీ ఆయనే.

ముందు ఈ గిటార్ సంగతి చెప్పాలి. దీని ఒళ్ళంతా లోహం. లోపల పల్చటి అల్యూమినియం పళ్ళెం ఒకటి ఉంటుంది. తీగ కదిలితే ఆ పళ్ళెం పాడుతుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయించాలి. కలకత్తాలో ఉద్యోగం చేసేటప్పుడు, వాయించడం మానేసిన ఒక క్లబ్బు కళాకారుడి దగ్గర కొన్నాను. గదిలో దీని గొంతు ఖంగుమంటుంది, బయట మాత్రం పది గజాలు దాటదు. పోనీ అని ఎదురుగా మైకు పెట్టామా, స్పీకర్లోంచి వచ్చిన మోత మళ్ళీ ఆ పళ్ళేనికే తగులుతుంది, పళ్ళెం దాన్ని మళ్ళీ పాడుతుంది, మైకు మళ్ళీ అందుకుంటుంది. ఇక కూత! చెవులు చిల్లులు పడే కూత. కరోనాకు ముందు ఏడాది మా బ్యాంకు వార్షికోత్సవంలో సరిగ్గా అదే జరిగింది. మొదటి వరుసలో పెద్ద మేనేజరుగారు చెవులు మూసుకున్నారు. వెనక వరుసల్లో ఈలలు. నా పరువు గంగలో కలిసింది. ఇంటికొచ్చి గిటార్‌ను అటకెక్కించి, జనం ముందు ఇక ఈ జన్మలో వాయించనని ఒట్టేసుకున్నాను. నాకు రోషం ఎక్కువ. మా అమ్మ దాన్ని మొండితనం అనేది.

లాక్‌డౌన్ సడలించిన కొత్తలో, సూరత్‌లో మా బ్యాంకు ఖటోదరా బ్రాంచిలో నర్సయ్య కాకను మొదటిసారి చూశాను. గాజు పలకకు ఇవతల మాస్కుతో నేను, అవతల మాస్కుతో ఆయన. ఫోను నంబరు మార్పించుకోవడానికి వచ్చాడు. పేరు చూసి తెలుగువాడని తెలుగులోనే పలకరించాను. జవాబు లేదు. హిందీలో అడిగాను. ఊహూఁ. “వినపడదా మీకు?” అని గొంతు చించుకున్నాను. ఆయన కళ్ళు నవ్వాయి.

“ముప్పై ఏండ్ల సంది సాంచల నడుమనే ఉన్న మేడం. చెవులు ఎప్పుడో పోయినయ్. మనిషి మూతి జూస్తెనె నాకు మాట తెలుస్తది. ఇప్పుడు అందరు మూతులు కట్టుకుంటిరి, నేనేం జెయ్యాలె?”

సాంచా అంటే పవర్‌లూమే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలకు ఇక్కడా అదే మాట. నాకు తల కొట్టేసినట్టయింది. కాగితం మీద రాసి చూపించి పని ముగించాను. అప్పటి నుంచి ఏ పని పడ్డా నా కౌంటరుకే వచ్చేవాడు. సాంచాల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారట. ఆ సైగలు నాకూ నేర్పాడు. పిడికిలి బిగిస్తే ‘ఆపు’, అరచెయ్యి పైకి లేపితే ‘పెంచు’, మణికట్టు గుండ్రంగా తిప్పితే ‘అటు తిరుగు’. గాజు పలకకు అటూ ఇటూ మేమిద్దరం చేతులూపుకుంటుంటే వరుసలో వాళ్ళు వింతగా చూసేవారు.

మరుసటి ఏడు, రెండో వేవ్ తగ్గి, బతుకమ్మ పండుగ దగ్గర పడింది. ఒకరోజు కౌంటరు దగ్గర నిలబడి, “మేడం, మీకు రేకు వీణ వాయించుడు వస్తదట గద?” అన్నాడు. మా ప్యూను నోట్లో నువ్వుగింజ నానదు!

ఆయన ఉండేది సూరత్ శివారు వడోద్‌లో. నాలుగంతస్తుల భవనం, వరండాలన్నీ ఒకే వాకిట్లోకి చూస్తాయి. కిందటేడు అక్కడ బతుకమ్మ ఆడలేదు. రెండిళ్ళలో మనుషులు పోయారు. ఈసారి గుంపు చేరకుండా, ఎవరి గడప ముందు వాళ్ళు బతుకమ్మను పెట్టుకుని, నాలుగంతస్తుల నుంచీ కలిసి పాడదామని ఆడవాళ్ళు అనుకున్నారు. పాడి చూశారు కూడా. పై వాళ్ళు చరణం ఎత్తుకునేసరికి కింది వాళ్ళు ఇంకా పల్లవిలోనే. చప్పట్లు ఎవరివి వాళ్ళవే.

“డప్పు వెడితె రాగం దొరకదాయె. ఫోన్ల పాట వెడితె అది మనకోసం ఆగదాయె. మీ వీణ అయితె అందర్ని పట్టుకొని నడుపుతది,” అన్నాడు.

మైకు పెడితే అది అరుస్తుందనీ, నా వల్ల కాదనీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. ఆయన చదివి కాగితం మడిచాడు. “ఈసారి గూడ ఆడకపోతె మా ఆడోల్లు మల్ల ఎన్నడు ఆడరు బిడ్డా.” మేడంని కాస్తా బిడ్డనైపోయాను. సరేనని తల ఊపాను.

ఆదివారం సాంచాలు ఆగి ఉన్న షెడ్డుకు గిటార్ పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, మొన రేకు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపట్టాడు. ఏ బేరింగు అరిగిందో మేస్త్రీలు అలాగే కనిపెడతారు. నేను తీగ మీటుతుంటే అంగుళం అంగుళం జరిపాడు. “ఈడ ఒణుకుడే ఉన్నది, పాట లేదు. ఈడ జర నయం.” పళ్ళేన్ని కప్పిన మూత చిల్లుల్లోంచి మొనను లోపలికి దూర్చి, పళ్ళెం నడుమకు వచ్చేసరికి కళ్ళు మెరిశాయి. “ఆగు, ఆగు. గిదే!” మూత విప్పి, రేకుకు అంటుకునే చిన్న బిళ్ళ మైకును అక్కడే అతికించాం.

మునుపటికంటే నయమే. అయినా శబ్దం పెంచేసరికి మళ్ళీ కూత. “లోపలంత డొల్ల గద,” అంటూ ఆయన చీరల కత్తిరింపులు, సూరత్‌లో చిందీ అంటారు, దోసెడు తెచ్చి గిటార్ పొట్టలో కుక్కాడు. కూత పోయింది, దాంతోపాటు పాటా పోయింది. “జలుబు చేసినట్టుంది కాకా!” అని ముక్కు పట్టుకుని చూపించాను. ఒక్కొక్క పీలికే తీస్తూ, ప్రతిసారీ షెడ్డు ఆ చివరికి నడిచి, చెయ్యి రేకుల తలుపు మీద ఆనించి, మోత అక్కడిదాకా అందుతోందా అని చూస్తాడు. నాకు ఆకలి దంచేస్తోంది. ఇక్కడ బాగానే ఉందిగా అని విసుక్కున్నాను. “నీకు బాగుంటె ఏం లాభం? గా ఆఖరుకున్న మనిషికి ఎట్ల అందుతదో గదే లెక్క,” అన్నాడు. చివరికి మూడు పీలికలు మిగిలాయి. కూత లేదు, పాట ఉంది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం. తంగేడు దొరకక బంతి, చామంతితోనే పేర్చిన బతుకమ్మలు గడపగడపకూ వెలిగిపోతున్నాయి. వాకిట్లో భవనం వైపు తిప్పిన ఒక స్పీకరు, దాని వెనక కుర్చీలో నేను. కాక నాలుగో అంతస్తు ఆ చివరకు ఎక్కి, ఒక చెయ్యి పిట్టగోడ మీద ఆనించి నిలబడ్డాడు. పల్లవి ఎత్తుకున్నాను. ఆడవాళ్ళు గొంతు కలిపారు. కాక అరచెయ్యి పైకి లేపాడు. పెంచాను. ఇంకా లేపాడు. ఇంకా పెంచాను. అంతే, కూత!

పాట ఆగిపోయింది. ఒక ముసలామె చెవులు మూసుకుని లోపలికి నడవబోయింది. లేచి పారిపోదామనుకుంటూ పైకి చూశాను. కాక పిడికిలి బిగించలేదు. మణికట్టు తిప్పుతున్నాడు. అటు తిరుగు, అటు తిరుగు! మోత నాలుగంతస్తుల గోడకు కొట్టుకుని తిరిగొచ్చి గిటార్‌కు తగులుతోంది. నా వీపు అడ్డం పెట్టమంటున్నాడు. జనానికి వీపు చూపించి వాయించడమా? నాకెక్కడలేని రోషం వచ్చింది. ఆ రోషాన్ని మింగి కుర్చీ తిప్పేశాను.

కూత టక్కున ఆగింది. ఎదురుగా ప్రహరీ గోడ, రెండు స్కూటర్లు తప్ప ఏమీ కనపడవు. మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాను. కాసేపు నా గిటార్ ఒక్కటే. తర్వాత వెనక నుంచి ఒక సన్నటి గొంతు, దానికి ఇంకొకటి, ఆపైన అంతస్తుకు అంతస్తు లేచింది. నాలుగంతస్తుల చప్పట్లూ ఒక్కసారే పడ్డాయి, నా వీపు మీద చరిచినట్టే పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాయించాను. ఇంతలో కాక దిగి వచ్చి నా ఎదుట నిలబడి, తీగల మీద మెల్లగా అరచెయ్యి పెట్టాడు.

“చాలు బిడ్డా. ఇగ ఇను.”

గిటార్ ఆగింది. పాట ఆగలేదు. ఒక్క చప్పట తప్పలేదు. కాక కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

“నాగ్గూడ ఇనవడ్తున్నది,” అన్నాడు.

ఆయన ఇప్పుడు ఊరవతల కడోదరాలో ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. నేను చాలా చోట్ల వాయిస్తున్నాను, జనానికి ఎదురుగానే. ఎక్కడైనా జనం పాట అందుకుని, వాళ్ళ గొంతు నా స్పీకరును దాటిందంటే, తీగల మీంచి చెయ్యి తీసేస్తాను. తీగ తెగిందేమోనని నిర్వాహకులు కంగారుగా చూస్తారు. లేదని తల ఊపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటాను.