డ్రాగన్ గుడ్లు దొరకవన్న మనిషి

ఎదుట ఎవరైనా ఆశపడితే చాలు, లీలండ్ ప్రూట్ ప్రాణం విలవిల్లాడిపోయేది. ఆ ఆశను అక్కడికక్కడే నలిపేస్తే గానీ ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు.

ఓర్లాండో శివార్లలో డ్రాగన్ల కథల మీద ఒక పెద్ద పార్కు కడుతున్నారు. దాని కంచెకు ఎదురుగా ఉన్న పాన్‌కేకుల హోటల్లో శనివారం పొద్దున మేం చేరేవాళ్ళం. మేమంటే ఆ కథల పిచ్చిలో పడి, ముసలితనం వచ్చినా బుద్ధి రాని ముగ్గురం. స్కూలు బస్సు నడిపి రిటైరైన నేను, స్కూలు లైబ్రరీలో తరతరాల పిల్లలకు ఆ కథలు చదివి వినిపించిన ఓపల్, ఏసీలు రిపేరు చేసే లీలండ్. కిటికీలోంచి చూస్తే ఒక క్రేను, ఒక ఎర్ర గోపురం కనబడేవి. మిగతా పార్కంతా మేమే కట్టుకునేవాళ్ళం. రైడ్ల గురించి కుర్రకారు కొట్టుకు చావనీ, మాకు కావలసింది దుకాణాలు.

"ఆ గోపురం కింద బట్టల కొట్టు వస్తుంది చూడండి. పొలుసుల అంగీలు అమ్ముతారు," అన్నాను ఒకసారి.

"టీషర్టులు," అన్నాడు లీలండ్.

"మంత్రగత్తె వంటిల్లో?"

"మగ్గులు."

"పోనీ, కమ్మరి కొట్టు?"

"మగ్గులే. వాటి మీద కత్తి బొమ్మ ఉంటుంది."

"నీ నోరు పడ! పుట్టినరోజు కేకు పెట్టినా కొవ్వొత్తి ఆరిపోతుందని ఏడుస్తావు గదా నువ్వు!"

"ఆరిపోదా మరి?"

అందరితోనూ ఇదే వరస. హోటల్లో వడ్డించే నడీన్ పెళ్ళి కుదిరిందని మురిసిపోతూ కాబోయేవాడి ఫోటో చూపించింది. లీలండ్ కళ్ళజోడు సవరించుకుని చూసి, "బట్టతల వంశం," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పాన్‌కేకు ఒకవైపు మాడే వచ్చేది. "నాకు తెలుసు, ఇలాగే వస్తుందని," అంటూ తృప్తిగా తినేవాడు.

ఓపల్ ఆశ మాత్రం ఒక్కటే. ఆ కథల్లో దిక్కులేని పిల్లలకు డ్రాగన్ గుడ్లు దొరుకుతాయి. చేతిలో పెట్టుకుంటే వెచ్చగా ఉంటాయి.

"గుడ్ల కొట్టు పెట్టకుండా ఎలా ఉంటారు?" అనేది. "ఒక్కో గుడ్డుదీ ఒక్కో రంగు. నేను మాత్రం కళ్ళారా చూసి ఏరుకుంటాను."

"ఉండదు ఓపల్. ఆశ పెట్టుకోకు."

ఆవిడ కళ్ళు అప్పటికే మసకబారుతున్నాయి. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. పార్కు తెరిచేదాకా చూపు ఆగితే చాలు, తర్వాత పోతే పోనీ అనేది. పార్కు తెరిచే తేదీని కంపెనీ వాయిదా వేసింది. మళ్ళీ వేసింది. వేసినప్పుడల్లా పళ్ళికిలిస్తున్న డ్రాగన్ బొమ్మ ఒకటి కంచెకు తగిలించేది, అదే మాకు క్షమాపణ. కంపెనీలు వాయిదాలు వేసుకోవచ్చు. కళ్ళకు ఆ వీలు లేదు.

హోటలు బయట లీలండ్‌ను పట్టుకుని దులిపేశాను. "ఆవిడతోనైనా ఒక్క మంచిమాట అనలేవా? నీ సొమ్మేం పోతుంది?"

"ఎత్తు మీంచి పడితేనే కదా ఎముకలు విరిగేది," అన్నాడు. "నేను మిమ్మల్ని నేలమీద కూచోబెడుతున్నాను. అంతే."

ఆఖరికి పార్కు తెరిచారు. అప్పటికి ఓపల్‌కు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. చెరో చెయ్యీ పట్టుకుని ఎర్ర గోపురం కిందికి తీసుకెళ్ళాం. లోపల అడుగు పెట్టి చుట్టూ చూశాను. టీషర్టులు. మగ్గులు. కత్తి బొమ్మ మగ్గులు, గోపురం బొమ్మ మగ్గులు, ఆ పళ్ళికిలించే డ్రాగన్ మగ్గులు. లీలండ్ అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పలేదు.

"ఏమున్నాయి? చెప్పండర్రా!" అంది ఓపల్.

ఇక మొదలుపెడతాడు శనిగాడు, అనుకుని లీలండ్ వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గుడ్లున్నాయి," అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు.

"గోడ గోడంతా గుడ్లే ఓపల్! కింద వరసలో ఆకుపచ్చవి. వాటి పైన రాగి రంగువి, మచ్చలవి. అదిగో, ఒకటి కదులుతోంది! ఓ అమ్మాయి దాన్ని గొంగట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పక్కనో ముసలాయన, ఎవరికి ఏ గుడ్డు నప్పుతుందో ముక్కు చూసి చెబుతున్నాడు."

ఇన్నేళ్ళూ మా ఆశల్ని నలిపిన మనిషి బుర్రలో ఇంత పెద్ద కొట్టు పెట్టుకుని కూచున్నాడని నాకేం తెలుసు?

ఓపల్ చెయ్యి చాపింది. తిన్నగా ఒక మగ్గు చేతికొచ్చింది.

"లీలండ్, దీనికి పిడి ఉందేమిటి?"

"పిడి కాదు, తోక. గుడ్డు పగలడం మొదలైంది. తోక ముందొచ్చింది."

"లోపలంతా ఖాళీగా ఉందే?"

"పిల్ల ఎగిరిపోయింది. ఉత్త పెంకు అమ్ముకుంటున్నారు, దొంగ వెధవలు!"

ఓపల్ భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్ళాను. పగలబడి నవ్వుతోంది.

"అబద్ధం ఆడటం కూడా రాదురా నాయనా నీకు," అంది, మగ్గును రెండు చేతుల్లోనూ పొదువుకుని. "అయినా ఆపకు. పై వరసలో ఏమున్నాయి?"

పై వరసలో నీలం గుడ్లున్నాయట. ఉరుమొస్తే మెరుస్తాయట. లీలండ్ గొంతు అంతకంతకూ పెరిగింది. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకున్న ఒకావిడ వచ్చి ఆయన మోచెయ్యి తట్టింది.

"ఏమండీ, ఆ నీలం గుడ్లు ఎటువైపు? మేం కొట్టంతా తిరిగాం, కనబడలేదు."

ఆవిడ వెనకాల ఇంకొందరు చేరారు. లీలండ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఓపల్ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. చేదు మందు మింగినట్టు గుటక వేశాడు.

"అయిపోయాయమ్మా. రేపొస్తాయి," అన్నాడు. "తప్పకుండా వస్తాయి."

కొట్లో అమ్మే పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఏంటి సార్ మీరు! మా దగ్గర గుడ్లెక్కడున్నాయి?"

"అదేమిటే తల్లీ," అంది ఓపల్, "నీకు కనబడటం లేదూ?"